అధికమన్న మాటకు అర్థమేమి?

ఒక మాట పుట్టినచోట ఒక అర్థము, పెరిగినచోట మరియొక అర్థము, పదుగురి నోళ్ళలో నలిగిన పిమ్మట వేరొక అర్థము సంతరించుకొనుట భాషలకు సహజము. ఇంగ్లీషులో 'రిడండెన్సీ' అను మాట అట్టిది. కర్మాగారపు యజమాని నోట ఆ మాట వినబడినచో పనివారి గుండె జారును. విమానము నిర్మించు ఇంజనీరు నోట వినబడినచో ప్రయాణికునికి ధైర్యము కలుగును. కావ్యవిమర్శకుడు దానిని దోషమనును; వార్తాప్రసార శాస్త్రజ్ఞుడు గుణమనును. తెలుగులో దీనికి సరిపోవు ఒక్క మాట లేదు. అధికము, మిగులు, పునరుక్తి, అనావశ్యకము, తొలగింపు అని సందర్భమును బట్టి చెప్పుకొనుచున్నాము. ఒకే మాటలో ఇన్ని అర్థములెట్లు ఒదిగినవో, వానితో నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమల చరిత్రకు ఏమి సంబంధమో ఇక్కడ విచారింపదలచినాము. ఈ రెండు పేర్లను పాత జిల్లాల హద్దులను దృష్టిలో నుంచుకొని వాడుచున్నాము. 2016లో జరిగిన విభజనతో సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల మొదలైనవి వేరు జిల్లాలైనవి గదా.

మొదట మాటల సంగతి. చెప్పినదే మరల చెప్పుట పునరుక్తి దోషమని ఆలంకారికులు నిర్ణయించినారు. అయితే హర్షము, భయము, తొందర కలిగినపుడు మాట రెండుసారులు పలికినను దోషము కాదని వారే సడలింపు ఇచ్చినారు. 'పాము పాము' అని అరచినవానిని చూచి ఒకసారి చాలదా అని తప్పుపట్టువాడు ఉండడు. వ్యాకరణము ఈ రెండవ పలుకునకు ఆమ్రేడితమని ప్రత్యేకముగా పేరే పెట్టినది.

ఇంతకంటె లోతైన పునరుక్తి తెలుగు క్రియలోనే దాగి ఉన్నది. 'మేము వచ్చినాము' అన్నపుడు కర్త ఎవరో 'మేము' అను మాట చెప్పినది. 'వచ్చినాము' అను మాట చివరి అక్షరము మరల అదే చెప్పినది. లెక్క చూచువానికి ఇందులో ఒకటి వృథా. కాని ఉరుములు, మెరుపులు వచ్చిన రాత్రి రేడియోలో గరగర శబ్దము పుట్టి మొదటి మాట మింగబడినదనుకొనుడు. రెండవ మాట మిగిలియున్నందున అర్థము చెడలేదు. 1948లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన క్లాడ్ షానన్ అను శాస్త్రజ్ఞుడు ఈ సంగతినే గణితములో నిరూపించినాడు. సామాన్యమైన ఇంగ్లీషు వ్రాతలో సుమారు సగము భాగము ఇట్టి అధికమేనని ఆయన లెక్క. ఆ అధికము ఉండబట్టియే అక్షరములు కొన్ని చెరిగినను ఉత్తరము చదువగలుగుచున్నాము.

అంకెలకు ఈ రక్షణ లేదు. 'వాన కురి... సూచన కలదు' అన్నచో విననిదానిని మనస్సు పూరించుకొనును. కాని ఒక అంకె వినబడకపోయినచో ప్రక్క అంకెలను బట్టి దానిని ఊహింపలేము. అందువలననే ప్రసారకర్త గడియారపు వేళను, ధరలను, చిరునామాలోని సంఖ్యను రెండుసారులు చదువును. శ్రోతకు వినికిడి తక్కువయని కాదు. దారిలో ఏ మాట జారిపోవునో ముందుగా ఎవరికిని తెలియదు గనుక.

ఇక ఈ మాట పుట్టుక చూడబోయినచో అది మనలను నీటి ఒడ్డునకే చేర్చును. లాటిను భాషలో 'ఉండా' అనగా అల. దానినుండి పుట్టిన 'రెదుందారె' అను క్రియకు పొంగి పొర్లుట అని అర్థము. పట్టినంత పట్టి, మిగిలినది గట్టు దాటిపోవుట. తెలంగాణపు రైతునకు దీనిని వివరింప పనిలేదు. ఆతడు దీనిని మత్తడి దుంకుట అనును. అలుగు పారుట అని కూడ అనును. అలుగుటకు తెలుగులో కోపగించుట అనియు అర్థమున్నది. అలిగిన చుట్టము ఇల్లు విడిచి ఊరక పోవును. అలుగు పారిన నీరు మాత్రము ఊరక పోదు. క్రింది ఊరి చెరువునకు పోవును. మన సీమలో 'అధికము' అను మాటకు అసలైన అర్థము ఇచటనే తేటపడును.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు అంచున కృష్ణ పారుచున్నను ఆ నీరు లోతున నున్నది, భూమి ఎత్తున నున్నది. నేల ఎఱ్ఱది, క్రింద నల్లరాయి. ఏటి వాన సగటున 600 నుండి 750 మిల్లీమీటర్ల ప్రాంతమున ఉండును. అదియు ఒక పద్ధతిగా కురియదు. ఒక ఊరిలో కుంభవృష్టి, ప్రక్క ఊరిలో దుమ్ము. అందుచేత పూర్వులు వాగు పొడవున ఒక చెరువు క్రింద ఒక చెరువుగా గొలుసు కట్టినారు. పై చెరువు మత్తడి నీరు క్రింది చెరువునకు రాబడి. క్రింది చెరువు మత్తడి నీరు దాని దిగువ కుంటకు రాబడి. ఒకరి మిగులు మరియొకరికి మొదలు.

పానగల్లులో కందూరి చోడుల నాటి ఉదయసముద్రము నేటికిని నల్లగొండ పట్టణము ప్రక్కన నిండియున్నది. నేడది కృష్ణాజలములను నిలువచేయు జలాశయముగా పనిచేయుచున్నది. సూర్యాపేట దాపున పిల్లలమఱ్ఱిలో కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు గుడులతోపాటు చెరువుకు కూడ స్థానము కల్పించినారు. గుడి, చెరువు, ఊరు అను మూడింటిని కలిపి ఆలోచించుట ఆ కాలపు ప్రభువుల రివాజు.

దూరమున కూర్చుండి లెక్కలు వేయువానికి ఈ ఏర్పాటు దుబారాగా కనబడవచ్చును. ఇన్ని కట్టలెందుకు, ఇన్ని తూములెందుకు, ఇంత భూమి శిఖము క్రింద మునుగనేల, ఒక్క పెద్ద చెరువు చాలదా అని ఆతడు అడుగును. మంచి ఏటి లెక్కలో ఆతని మాట నిజమే. కాని పై ఊరిలో వాన పడక క్రింది ఊరిలో పడిన ఏట, పై చెరువు ఎండినను క్రిందిది ఒడ్డు వానతో నిండును. ఒక కట్టకు గండిపడిన ఏట, ప్రక్క గొలుసులోని చెరువు పశువులను కాచును. చెరువు నిండి సాగు సాగకపోయినను ఊటబావులలో నీరు నిలుచును. పది ఏండ్లలో తొమ్మిది ఏండ్లు అధికముగా కనబడినది పదవ ఏట ప్రాణాధారమగుచున్నది. ఇంజనీర్లు రెండవ యంత్రమును, ఆసుపత్రులు రెండవ విద్యుత్తు ఏర్పాటును, రేడియో కేంద్రములు రెండవ ట్రాన్స్‌మిటరును సిద్ధముగా ఉంచుకొనుటలోని నీతి ఇదియే.

అయినను ఉన్నదంతయు అధికమైన రక్షణయే అని నమ్ముట కూడ ప్రమాదము. దీనికి 1908 సెప్టెంబరు మాసపు మూసీ వరద సాక్ష్యము. మూసీ హైదరాబాదు దాటి నల్లగొండ సీమమీదుగా పోయి వాడపల్లి వద్ద కృష్ణలో కలియు నది. ఆ వరద తరువాత నిజాం ప్రభుత్వము పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన పరిశీలనలో నగరమునకు ఎగువనున్న పరీవాహకములో 788 చెరువులున్నవనియు, వానిలో 221 తెగినవనియు తేలినది. ఒక చెరువు తెగిన నీరు దిగువ చెరువుపై పడినది, దానికి వాన నీరే బరువు, దానిపై ఈ నీరు తోడైనది, అదియు తెగినది. మామూలు ఏటిలో పరస్పరము ఆదుకొన్న గొలుసే ఆనాడు విపత్తును చేతినుండి చేతికి అందించినది.

దీనినుండి గ్రహింపవలసినది ఒకటి కలదు. ఒకే కారణముచేత రెండును ఒకేసారి చెడునట్లున్నచో రెండవది మొదటిదానికి అండ కానేరదు. అండ అనగా వేరు దారిన నిలుచునది. విశ్వేశ్వరయ్య సూచన ఫలితముగా 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. వరదను పట్టుటకు జలాశయములో కొంత చోటు ఖాళీగా విడిచిపెట్టవలెనన్నది అందులోని ముఖ్యసూత్రము. ఖాళీ చోటు చూపరికి వ్యర్థము. వరద రాత్రి నగరమునకు అదియే కోట గోడ.

మహబూబ్‌నగర్ సీమలో ఇట్టిదే మరియొక ముచ్చట ఉన్నది. వనపర్తి సంస్థానపు రాజమాత పేర వెలసిన సరళాసాగరు నిర్మాణము 1949లో మొదలై 1959లో పూర్తియైనది. అందులో మిగులు నీటిని వదలుటకు మనిషి చేయి అక్కరలేని సైఫనులు అమర్చినారు. నీరు ఒక మట్టము దాటగానే గొట్టపు కప్పులోని గాలిని నీరు తరిమివేయును. అంతట సైఫను తనంతట తానే లాగుకొని నీటిని దిగువకు వదలును. మట్టము తగ్గగానే గాలి చొరబడి ప్రవాహము ఆగిపోవును. తలుపులెత్తు మనిషి రానక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. ఈ నేర్పు చూచుటకు ఇంజనీరింగు విద్యార్థులు వచ్చుట పరిపాటియైనది. కాని 2019 డిసెంబరు 31వ తేదీ ఉదయమున, జలాశయము నిండుగా ఉన్నవేళ, ఆ మట్టికట్టకు గండి పడినది. మిగులు నీటికి ఎంత నేర్పుగా దారి చేసినను కట్టను చూచుకొను కన్నునకు బదులు కాజాలదని ఆ గండి చాటినది.

కట్టను చూచుకొను కన్ను అన్నందున ఇక మనుష్యుల సంగతికి వత్తము. ఈ మాటకు నేటి లోకములో మిక్కిలి కఠినమైన అర్థము ఇచటనే ఉన్నది. బ్రిటనులో మనిషిని పనినుండి తొలగించుటకు ఆతడు 'అధికమైనాడు' అని చెప్పుట వాడుకయైనది. అట్టివారికి పరిహారము చెల్లింపవలెనని 1965లో అక్కడ చట్టము చేసినారు. మన దేశములో అంతకు ముందే, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమునకు 1953లో చేసిన సవరణ ద్వారా, తొలగింపబడు కార్మికునికి ఒక మాసపు నోటీసు, పనిచేసిన ప్రతి సంవత్సరమునకు పదునైదు దినముల వేతనము ఇవ్వవలెనని నిబంధన వచ్చినది. చివర చేరినవాడు ముందుగా పోవలెనన్న వరుస కూడ అందులోనే ఉన్నది. ఆ చట్టము స్థానమున వచ్చిన 2020 నాటి స్మృతిలోను ఈ నియమము నిలిచినది. ఇందులోని భావము గమనింపదగినది. పని అధికము కావచ్చును. మనిషి అధికము కాడు. పనిని తీసివేయు హక్కు యజమానికున్నను, మనిషికి దారిబత్తెము ఇచ్చు బాధ్యత దానితో ముడిపడియున్నది.

పరిశ్రమలకు ఈ రక్షణ ఉన్నది. ఊరి ఉద్యోగములకు ఏమి జరిగినది? తెలంగాణ గ్రామములలో మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ అనువారు వంశపరంపరగా పెత్తనము చేసినారు. వారి చేతిలో భూమి లెక్కలు, శిస్తు, ఊరి కాపుదల ఉండెను. ఆ అధికారము పేదలను ఎట్లు పీడించినదో నల్లగొండ జిల్లాలోని సాయుధ పోరాటకాలపు చరిత్ర ఎరిగినవారికి వేరుగా చెప్ప పనిలేదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వము ఒక ఆర్డినెన్సుతో ఈ ఉద్యోగములను రద్దు చేసినది. కోస్తా, రాయలసీమల మునసబు, కరణముల పదవులును దానితోనే పోయినవి. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించినది. వంశాధికారము పోవుట న్యాయమేనని మేము తలంతుము. కాని ఆ పదవి చేసిన పని పోలేదు. పొలము హద్దు, పహాణీ, చావుపుట్టుకల నమోదు, వరద వచ్చినపుడు తాలూకా కచేరీకి కబురు, ఇవన్నియు ఎవరో ఒకరు చేయవలసినవే. కనుకనే వేరు పేర్లతో గ్రామోద్యోగులు మరల వచ్చినారు. 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను రద్దు చేసినది. 2025లో గ్రామ పాలనాధికారి అను పేరుతో గ్రామస్థాయి ఉద్యోగిని తిరిగి నియమించినది. పూర్వము ఆ పనులలో నున్నవారినుండియే ఎంపిక చేసినది. పదవి రెండుసారులు అధికమైనది, రెండుసారులును తిరిగి అవసరమైనది.

ఈ వరుసలో అందరికంటె క్రిందనున్నవాడు నీరడి. నీరటికాడనియు అందురు. తూము ఎపుడు ఎత్తవలెనో, ఏ మడికి ముందు ఏ మడికి వెనుక నీరు పోవలెనో, కట్టపై ఏ చోట తేమ ఊరుచున్నదో వానికి తెలియును. వాన రాత్రి ఊరంతయు నిద్రించినపుడు కందిలి పట్టుకొని కట్టపై నడచినవాడు ఆతడే. బోరుబావులు వచ్చి ఎవరి నీరు వారి పొలములో దొరకిన పిమ్మట ఊరికి నీరడి అక్కర తగ్గినట్లు తోచినది. తూము తలుపు తుప్పుపట్టినది. మత్తడి కాలువ పూడినది. శిఖము భూమిలో నాగళ్ళు దిగినవి. నీరడి, సేత్‌సింధి మొదలైన గ్రామసేవకుల వరుసలో వచ్చిన గ్రామ రెవెన్యూ సహాయకులను 2023లో ప్రభుత్వము వేతన స్కేలులోనికి తీసికొని వేరువేరు శాఖలలో సర్దుబాటు చేసినది. వారిలో కొందరు నీటిపారుదల శాఖకే చేరినారు. నీరడి వారసుడు చుట్టు తిరిగి నీటివద్దకు వచ్చినాడన్నమాట.

చెరువు అధికమని విడిచిన తరువాత బోరు ఒక్కటే దిక్కైనది. దాని ఫలితము నల్లగొండ శరీరముపై వ్రాయబడియున్నది. ఈ జిల్లాలోని రాతిలో ఫ్లోరైడు ఎక్కువ. భూగర్భజలములో అది కరగి, ఏండ్ల తరబడి త్రాగినవారి పండ్లను, ఎముకలను చెరచును. నల్లగొండలో ఈ వ్యాధి ఉనికిని 1955లోనే డాక్టర్ సిద్దిఖీ వైద్యపత్రికలో ప్రకటించినారు. 1975లో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తీసివేయు పద్ధతిని రూపొందించి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరిడినది. జిల్లా పేరు ప్రపంచమున ఒక వ్యాధి మందు పేరుగా వ్యాపించుట మనకు గర్వమో దుఃఖమో చెప్పుట కష్టము. బావులు లోతుకు పోయినకొలది ఆ నీటిని తప్ప వేరు నీటిని చూడని మర్రిగూడ వంటి ఊళ్ళలో అంగములు వంకరపోయిన పిల్లలు పుట్టి పెరిగినారు. వాన నీటితో నిండిన చెరువులో ఫ్లోరైడు స్వల్పము. రెండవ దారి ఉన్నచో మొదటి దారిలోని విషము అంతగా అంటదు. ఇక్కడ అధికము లేకపోవుటయే రోగమైనది.

ఈ పాఠము వృథా కాలేదు. 2015లో మిషన్ కాకతీయ పేర రాష్ట్రములోని 46 వేలకు పైబడిన చెరువులను పునరుద్ధరించు పని మొదలైనది. పూడిక తీసి పొలములకు తోలినారు. 2016 నుండి మిషన్ భగీరథ ద్వారా కృష్ణా, గోదావరుల నీరు గొట్టములలో ఇంటింటికి వచ్చుచున్నది. ఫ్లోరైడు పీడిత గ్రామములకు ఇది గొప్ప మేలు. అయినను ఒక హెచ్చరిక చేయవలసియున్నది. గొట్టము వచ్చినదని చెరువును, బావిని మరచినచో మరల ఒంటి దారియే మిగులును. దూరాన పంపు ఆగినను, నది ఎండినను ఆ ఒక్క దారియు మూతపడును. నిన్న బోరును నమ్మి చేసిన పొరపాటును నేడు గొట్టమును నమ్మి చేయరాదు.

ఇన్ని అర్థములను కలిపి చూచినచో ఒక మాట మిగులును. ఏదైన అధికమని తేల్చునపుడు రెండు ప్రశ్నలు వేయవలెను. ఏ ఏటి లెక్కలో అది అధికము? ఎవరి లెక్కలో అది అధికము? మంచి ఏటి లెక్కలో చెరువు అధికము, చెడ్డ ఏటి లెక్కలో కాదు. కచేరీ లెక్కలో నీరడి అధికము, కట్ట లెక్కలో కాదు. వ్యాకరణము లెక్కలో 'మేము' అధికము, గరగరలాడు రేడియో ముందు కూర్చున్న శ్రోత లెక్కలో కాదు. అట్లని పనికిరాని ప్రతిదానిని అండ అని పేరు పెట్టి మోయనక్కరలేదు. పీడించు పెత్తనము పోవలసినదే. అలవాటుగా పలుకు వ్యర్థపదము తీయవలసినదే. వేరు దారిన నిలిచి ఆపదలో ఆదుకొనునదా, ఊరక బరువు పెంచునదా అని పరీక్షించి చూచుటలోనే వివేకము ఉన్నది.

మత్తడిని కట్టినవారికి ఈ వివేకము ఉండెను. చెరువు నిండినపుడు మిగులు నీటిని కట్ట పైనుండి పోనిచ్చినచో కట్ట తెగును. అసలు పోనీయక ఆపినను కట్ట తెగును. అందుచేత కట్టకంటె కొంచెము తక్కువ ఎత్తున రాతితో మత్తడి పేర్చి, అధికమునకు గౌరవమైన దారి చూపినారు. ఆ దారి క్రింది ఊరి పొలము వరకు పోవునట్లు కాలువ తీసినారు. వచ్చే వానకాలములోపల మీ ఊరి చెరువు మత్తడి కాలువలో ముళ్ళకంపలున్నవో, ఇండ్లు లేచినవో ఒకసారి చూచిరండు. అది పూడియున్నచో దానిని తెరచుటకంటె ముందుగా చేయవలసిన పని ఊరిలో వేరొకటి లేదని మా అభిప్రాయము.